తండ్రి వృత్తి : లారీ డ్రైవరు

మా పాఠశాలలో ప్రతి సంవత్సరము జూన్ నెలలో విద్యార్థుల వివరములను క్రొత్తగా వ్రాయించుకొను ఆచారము కలదు. పేరు, పుట్టిన తేదీ, మాతృభాష, ఇంటి చిరునామా, తండ్రి వృత్తి - ఈ వరుసలో కాగితముపై గడులుండును. చిన్న తరగతుల పిల్లలకు మేమే వ్రాసి యిత్తుము. ఏడవ తరగతి మొదలు పైవారు తామే నింపుదురు. మాతృభాష అను గడిలో మన పిల్లలందఱును "తెలుగు" అని గుండ్రని అక్షరములతో వ్రాయుదురు. హోసూరువంటి ఊరిలో, ఇంట నొకటి, వీధిలో నొకటి, బజారులో మఱియొకటిగా భాషలు వినబడుచోట, ఆ మాటను వ్రాయుటకు ఏ బాలుడును వెనుదీయకుండుట మాకు సంతోషము కలిగించు విషయము.

కాని మొన్నటి సంవత్సరము తండ్రి వృత్తి అను గడిలో ఒక బాలుడు మొదట పెన్సిలుతో ఏదో వ్రాసి, దానిని రబ్బరుతో తుడిచి, పైన "వ్యాపారము" అని వ్రాసెను. తుడిచిన అక్షరముల జాడ కాగితముపై మిగిలియుండెను. వెలుతురునకు ఎదురుగా పట్టి చూడగా అది "డ్రైవరు" అని తెలిసెను. మేము ఆ బాలుని మందలింపలేదు. "మీ నాయన ఏం వ్యాపారం చేస్తాడు?" అని మాత్రము అడిగితిమి. అతడు చాలసేపు నేలచూపులు చూచి, "లారీ తోల్తాడు సార్" అని మెల్లగా చెప్పెను. తరువాత ఆ తరగతి కాగితములన్నియు తిరుగవేయగా ఇట్టివి మఱి రెండు కనబడినవి. ఒకదానిలో "ప్రైవేటు ఉద్యోగము" అని యుండెను. రెండవదానిలో ఆ గడి ఖాళీగా నుండెను.

ఇంకొక సంగతియు దాచక చెప్పవలసియున్నది. మా తల్లిదండ్రుల సమావేశముల హాజరు పుస్తకమును తెఱచి చూడగా, ఈ ముగ్గురు పిల్లల తండ్రుల పేర్లకు ఎదురుగా "శ్రద్ధ లేదు" అని వ్రాసియుండెను. ఆ వ్రాత మాదే. సంవత్సరమునకు నాలుగు సమావేశములు జరుగగా నాలుగింటికిని వారు రాలేదు. ఎందుచేత రాలేదో మేము విచారింపలేదు. పిల్లవాడు తుడిచిన మాటకును, మేము వ్రాసిన మాటకును మూల మొక్కటే యని మాకు తోచినది. లారీ నడుపువాడు మనకేమి చేయుచున్నాడో పిల్లవానికిని తెలియదు, మాకును తెలియదు. ఆ తెలియమిని కొంత తొలగించుకొను ఉద్దేశముతో, పిల్లల పాఠముగాక తల్లిదండ్రుల పాఠముగా, ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఉల్లిపాయల బస్తా

వంటయింటి నుండియే మొదలు పెట్టుదము. కర్ణాటకలో పండిన ఉల్లి చాలినంత అందని నెలలలో మన బజారునకు మహారాష్ట్రపు ఉల్లి వచ్చును. నాసిక్ జిల్లాలోని లాసల్‌గాఁవ్ దేశములోని పెద్ద ఉల్లి మార్కెట్లలో నొకటి. అచ్చట వేసవి మొదట త్రవ్విన పంటను రైతులు గాలియాడు కొట్టములలో ఆరబెట్టి నిలువచేసి, వర్షకాలమంతయు కొంచెము కొంచెముగా అమ్ముచుందురు. ఆ బస్తాలు లారీ కెక్కి, పుణె, సాతారా, కొల్హాపురము, బెళగావి, హుబ్బళ్ళి, దావణగెరె, చిత్రదుర్గము, తుమకూరు, బెంగుళూరు మీదుగా హోసూరు చేరును. దూరము సుమారు 1,100 కిలోమీటర్లు.

ఇప్పు డొక చిన్న లెక్క. ఒక లారీలో 20 టన్నుల ఉల్లి వేసిరనుకొందము. 50 కిలోల బస్తాలు 400 అగును. ఒక కుటుంబము నెలకు 5 కిలోల ఉల్లిపాయలు వాడుననుకొనినచో, ఆ యొక్క లారీలోని సరకు 4,000 ఇండ్లకు ఒక నెల గ్రాసము. 4,000 ఇండ్ల పోపు ఒక్క మనుష్యుని చేతి చక్రముపై ఆధారపడి వచ్చినదన్నమాట.

కాలమును కూడ లెక్కింపుడు. నిండు బరువుతో, ఘాటులు, ఊళ్లు, సుంకపు గేట్లు దాటుచు వచ్చు లారీ గంటకు సగటున 40 కిలోమీటర్లు నడచుననుకొనినను 1,100 కిలోమీటర్లకు 27 గంటల 30 నిమిషములు పట్టును. ఇది చక్రము పట్టుకొని కూర్చుండిన కాలము మాత్రమే. లోడు ఎక్కించునప్పుడు కాచుకొనిన కాలము, దించునప్పుడు వరుసలో నిలిచిన కాలము, టైరు మార్చిన కాలము, తినుట, నిద్రించుట ఇందులో చేరలేదు. ఉల్లికి మఱియొక ఇబ్బంది కలదు. వాన తగులకుండ పట్టా కప్పవలెను. గట్టిగా కప్పినచో లోపల గాలియాడక ఆవిరి పట్టి కుళ్లును. అందుచేత మబ్బు చూచి కప్పుచు, ఎండ చూచి విప్పుచు రావలెను. మనము అంగడిలో ఉల్లిపాయను నొక్కి చూచి గట్టిగా నున్నదని మెచ్చుకొందుము. ఆ మెప్పులో కొంత భాగము ఆ పట్టాను వేళకు విప్పినవానికి చెందును.

ఉల్లి ఒక ఉదాహరణము మాత్రమే. వంటగ్యాసు బండలు, తూత్తుకుడి ఉప్పు, నామక్కల్లు గ్రుడ్లు, గుంటూరు మిరపకాయలు, ఇల్లు కట్టు సిమెంటు, మందుల పెట్టెలు, మన పిల్లల పాఠ్యపుస్తకముల కట్టలు - వీనిలో దాదాపు ప్రతిదియు ఏదో యొక దూరము లారీలో రావలసినదే. రైలు మోసిన సరకును కూడ స్టేషను నుండి గిడ్డంగికి, గిడ్డంగి నుండి అంగడికి చేర్చునది లారీయే. మన దేశములో సరకు రవాణాలో సుమారు మూడింట రెండు వంతులు రోడ్డు మీదనే జరుగుచున్నదని ప్రభుత్వ లెక్కలు చూపుచున్నవి.

పూర్వము మోసినవారు

ఈ పని క్రొత్తది కాదు, సాధనము మాత్రమే క్రొత్తది. సముద్రతీరపు ఉప్పును లోపలి సీమలకు, లోపలి ధాన్యమును తీరమునకు వందల కొలది ఎద్దులపై పెరికెలు వేసి లంబాడీలు మోసిరి. తరువాత ఎడ్లబండ్లు మోసినవి. కోస్తా ఆంధ్రమునుండి చెన్నపట్టణమునకు బకింగుహాము కాలువపై పడవలు బియ్యమును, ఉప్పును, వంటచెఱకును మోసినవి. నాటి బండివానిని గ్రామము పేరు పెట్టి పిలిచెడిది, ఎదురేగి వార్తలు అడిగెడిది. దూరపు ఊరి ధరలు, దూరపు బంధువుల క్షేమము అతని నోటనే తెలిసెడివి.

స్వాతంత్ర్యానంతరము మన దేశమున లారీల నిర్మాణము పెరిగినది. జంషెడ్‌పూరులో 1954లోను, చెన్నపట్టణపు ఎన్నూరులో ఆ దశకమునందే లేలండు పేరుతోను లారీలు తయారగుట మొదలయ్యెను. మన హోసూరునందు 1980లో లారీల కర్మాగారము వెలసినది. ఆనాటి నుండి ఈ ఊరి కుటుంబములెన్నియో ఆ కర్మాగారము వలనను, దానికి విడిభాగము లందించు చిన్న కార్ఖానాల వలనను జీవించుచున్నవి. "మా నాయన లారీ కంపెనీలో పని" అని చెప్పు పిల్లలు మా తరగతులలో తల యెత్తియే చెప్పుదురు. లారీని చేయువాని బిడ్డ గర్వించు ఊరిలో, అదే లారీని నడుపువాని బిడ్డ ఆ మాటను రబ్బరుతో తుడుచుకొనుచున్నాడు. ఈ వ్యత్యాసమును గూర్చి మనము ఆలోచింపవలెను.

తండ్రి తరగతికి వచ్చినాడు

గడిచిన ఆయుధపూజకు ఆ బాలుని తండ్రి ఊరికి వచ్చెను. సెలవులకు ముందుదినమున ఒక గంటసేపు తరగతికి రమ్మని మేము కోరితిమి. మొదట ఆయన సందేహించెను. "నేనేం చెప్పేది అయ్యవారూ, నాకు తెలుగు మాట్లాడేది వస్తుంది గాని చదివేది రాదు" అనెను. చదివినది కాదు, చేసినది చెప్పుమని మేమంటిమి. ఆయన వచ్చి, నల్లబల్ల ప్రక్క నిలువబడి, పిల్లలడిగిన ప్రశ్నలకు సమాధానములు చెప్పెను. ఆ గంటలో మేము నేర్చుకొనినవి కొన్ని ఇచ్చట వ్రాయుచున్నాము.

ఉదయము బండి తీయుటకు ముందు డ్రైవరు ఇనుపకడ్డీతో ఒక్కొక్క టైరును కొట్టుచు చుట్టును తిరుగును. గాలి నిండిన టైరు ఒక విధముగా మ్రోగును, తగ్గినది మఱియొక విధముగా మ్రోగును. జంటగా నున్న వెనుక చక్రములలో లోపలి టైరు కంటికి సరిగా కనబడదు గనుక చెవితోనే తెలిసికొనవలెను. తరువాత రేడియేటరులో నీరు, ఇంజనులో నూనె, బ్రేకులకు కావలసిన గాలి యొత్తిడి చూచును. పెద్ద లారీల బ్రేకులు ఒత్తిడిలో నున్న గాలితో పనిచేయును. గాలి చాలినంత నిండక ముందు బండి కదలింపరాదు.

ఘాటు దిగుట వేరొక విద్య. ధర్మపురికిని సేలమునకును నడుమ తొప్పూరు ఘాటు కలదు. మన వైపు నుండి సేలము పోవువారికి అది దిగుడు. అచ్చట జరుగు ప్రమాదములను గూర్చి మనమందఱము పత్రికలలో చదువుచునే యున్నాము. ముప్పది టన్నుల బరువు పల్లమునకు దొర్లుచుండగా బ్రేకు నొక్కియే ఆపదలచినచో, రాపిడికి డ్రమ్ములు కాగి, బ్రేకు పట్టు సడలిపోవును. అందుచేత ముందుగనే క్రింది గేరులో పెట్టి, ఇంజనే బండిని వెనుకకు లాగునట్లు చేసి, బ్రేకును అప్పుడప్పుడు మాత్రమే వాడుచు దిగవలెను. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగవలెనని పాత డ్రైవర్ల సూత్రము. డీసెలు మిగులునని గేరు తప్పించి న్యూట్రలులో వదలువారు కొందఱు కలరు. "ఘాటు దిగేటప్పుడు నాలుగు రూపాయల డీసెలు చూసుకున్నోడు మల్లా ఇంటికి రాడు" అని ఆయన పిల్లలకు చెప్పెను. భౌతికశాస్త్ర పాఠములో ఘర్షణను గూర్చి మేము చెప్పిన దానికన్న ఈ మాట పిల్లల మనస్సున గాఢముగా నాటుకొనినది.

ఇక కాగితములు. బండి రిజిస్ట్రేషను, పర్మిటు, బీమా, యోగ్యతాపత్రము, పొగ పరీక్ష పత్రము, సరకు బిల్లు - ఇన్నియు సరిగా నుండవలెను. 2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. వచ్చిన పిమ్మట రాష్ట్రపు సరిహద్దులలోని వాణిజ్యపన్ను తనిఖీ కేంద్రములు ఎత్తివేయబడినవి. అంతకు పూర్వము మన సరిహద్దున లారీలు బారులు తీరి నిలిచిన దృశ్యము పెద్దలకు జ్ఞాపకముండును. దానికి బదులుగా 2018 నుండి ఇ-వే బిల్లు వచ్చినది. దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక దినము చొప్పున లెక్కింతురు. 1,100 కిలోమీటర్ల ప్రయాణమునకు ఆరు దినములన్నమాట. గడువు దాటినచో జరిమానా. లారీ నడుపుటకు చదువు అక్కఱలేదని తలచువారు ఈ కాగితములను ఒకసారి చేత పట్టి చూడవలెను.

పిల్లలలో ఒక బాలిక, "మీకు ఎన్ని భాషలు వస్తాయి?" అని అడిగెను. ఆయన వ్రేళ్లు మడచి లెక్కించెను. ఇంట తెలుగు. ఊరిలో తమిళము. బెంగుళూరు మొదలు బెళగావి దాక కన్నడము. అవతల పనికి సరిపడు మరాఠీ, హిందీ. పిల్లలు ఆశ్చర్యపడిరి. అప్పుడాయన నవ్వి, "ఎన్ని మాట్లాడినా బస్తాలు ఎంచేది మాత్రం తెలుగులోనే. వేరే భాషలో ఎంచితే లెక్క తప్పిపోతుంది" అనెను. మాతృభాష యనగా నేమియో మేము సంవత్సరమున కొకసారి ఉపన్యాసముల ద్వారా చెప్పుచుందుము. చదువుట రాని ఆ మనుష్యుడు దానిని 400 బస్తాల నడుమ ఎండలో నిలబడి నిలుపుకొనుచున్నాడు.

ఎనిమిది గంటలు

పిల్లలడుగని ప్రశ్న యొకటి మేమడిగితిమి: "ఎంతసేపు నిద్రపోవుదురు?" ఆయన సరిగా సమాధానము చెప్పలేదు. "దొరికినంత" అని మాత్రమనెను. ఈ విషయములో చట్టమేమి చెప్పినదో తెలిసికొనుట మంచిది.

1961లో మోటారు రవాణా కార్మికుల చట్టము వచ్చినది. రోజునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించి పని చేయింపరాదని, దూరపు మార్గములలో ప్రత్యేకముగా అనుమతించినచో రోజునకు 10 గంటల వఱకు పోవచ్చునని, వరుసగా 5 గంటలు పని చేసిన పిదప కనీసము అరగంట విశ్రాంతి యీయవలెనని ఆ చట్టము విధించెను. ఆ చట్టములోని విషయములను 2020లో చేసిన శ్రామికుల వృత్తిభద్రతా స్మృతిలో చేర్చిరి. రోజునకు 8 గంటల చొప్పున నడిపినచో మన ఉల్లి లారీ హోసూరు చేరుటకు మూడున్నర దినములు పట్టవలెను. వర్తకుడు మాత్రము రెండవ నాటి రాత్రికే రావలెనని ఫోను చేయును. ఆ రెండు లెక్కలకు నడుమనున్న భేదమును ఎవరు భరించుచున్నారు? డ్రైవరు కన్నులు భరించుచున్నవి.

1961 చట్టము ఐదుగురు లేక అంతకు మించిన కార్మికులున్న సంస్థలకే వర్తించినది. మన దేశములో లారీలలో ఎక్కువ భాగము ఒకటి రెండు బండ్లు గల చిన్న యజమానులవి. అప్పు చేసి లారీ కొని తానే నడుపువారును వారిలో ననేకులు. అట్టివారిని ఆ రక్ష చేరలేదు. పని గంటలను బట్టి కాక ట్రిప్పును బట్టి కూలి, దానిపై దినబత్తా దొరకుచోట, నిద్రించిన గంట నష్టపు గంటగా తోచును. పూర్వము ప్రతి లారీలోను ఒక క్లీనరుండెడివాడు. అతడు తోడు, కాపలా, రేపటి డ్రైవరు కూడ. నేడు ఖర్చు తగ్గించుకొను ప్రయత్నములో అనేక లారీలలో ఆ పిల్లవాడు కనబడడు. ఒక్క మనుష్యుడే నడపవలెను, ఒక్కడే సరకును కాపాడుకొనవలెను. సరకునకు కాపలాగా బండిలోనే పండుకొనువాని నిద్ర నిద్ర కాదు.

డ్రైవర్లలో తప్పు చేయువారు లేరని మేము చెప్పుట లేదు. త్రాగి నడుపువారు, వేగమునకు లోబడువారు కలరు. వారివలన కుటుంబములు నాశనమగుచున్నవి. 2022వ సంవత్సరములో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది ప్రాణములు గోల్పోయిరని కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. ఆ సంఖ్యలో పాదచారులు కలరు, ద్విచక్రవాహనములవారు కలరు, లారీ డ్రైవర్లును కలరు. తప్పు చేసినవానిని శిక్షింపవలసినదే. కాని నిద్ర లేక కునికినవానిని, త్రాగి నడిపినవానిని ఒకే మాటతో తిట్టుట న్యాయము కాదు. మొదటివాని కునుకులో తొందరపెట్టిన వర్తకునికి, తొందరగా కావలెనని కోరిన మనకు కూడ పాలు కలదు.

కొన్ని మార్పులు వచ్చుచున్నవి. 2025 నుండి క్రొత్తగా తయారగు పెద్ద లారీలలో డ్రైవరు గదికి ఎయిర్ కండిషను ఉండవలెనని ప్రభుత్వము నియమము చేసినది. ఇంజను వేడిమి ప్రక్కనే కూర్చుండి మే నెల ఎండలో రోజంతయు నడుపువానికి ఇది విలాసము కాదు. అయినను నేడు రోడ్డుపై తిరుగు లారీలలో అధికభాగము పాతవే. వానిలో గుడ్డ తడిపి మెడకు చుట్టుకొని నడుపువారే యున్నారు.

రోడ్లు ఖాళీయైన దినములు

2020 మార్చి 25వ తేదీ నుండి దేశమంతయు ఇండ్లలో నుండిపోయెను. ముందునాటి రాత్రి నాలుగు గంటల వ్యవధితో వచ్చిన ఆజ్ఞ అది. వేల లారీలు ఎక్కడి వక్కడ రోడ్ల ప్రక్కన నిలిచిపోయినవి. నిత్యావసరములు కాని సరకు వేసికొనిన డ్రైవర్లు ముందుకు పోలేక, సరకును వదలి ఇంటికి రాలేక చిక్కుకొనిరి. డాబాలు మూతపడినవి. టైరు పంక్చరు వేయువాడు లేడు. మార్చి 29వ తేదీన అన్ని విధముల సరకులను పోనిండని కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు తెలిపిన పిదప బండ్లు మెల్లగా కదలినవి. ఆ దినములలో మన యింటికి పాలు, బియ్యము, మందులు అందినవనగా, మనము తలుపులు మూసికొనిన సమయములో కొందఱు తలుపు తీసికొని బయలుదేరిరని అర్థము. మన ఊళ్లలోనే అట్టివారిని ఇంటి వీధిలోనికి రానీయక ఆపినవారును కలరు. అది తలచుకొనుటకు సిగ్గుగా నున్నది.

మఱుసటి సంవత్సరము ఏప్రిలులో ఆస్పత్రులలో ప్రాణవాయువు కొఱత యేర్పడెను. ద్రవరూపమున నున్న ఆక్సిజను సున్న క్రింద 183 డిగ్రీల చలిలో నుండును. దానిని మోయుటకు ప్రత్యేకమైన ట్యాంకరు లారీలు కావలెను. 2021 ఏప్రిలు 19వ తేదీన ముంబాయి సమీపమందలి కలంబోలి నుండి ఏడు ఖాళీ ట్యాంకరు లారీలను రైలు పెట్టెలపై కెక్కించి విశాఖపట్టణమునకు పంపిరి. అచ్చటి ఉక్కు కర్మాగారములో ఆక్సిజను నింపుకొని అవి 22వ తేదీ రాత్రి బయలుదేరి, మూడు నాగపురములోను నాలుగు నాసిక్‌లోను దిగినవి. లారీలతోపాటు డ్రైవర్లును ఆ రైలులోనే ప్రయాణము చేసిరి. రైలు దిగిన పిదప ఆస్పత్రి వఱకు నడుపవలసినవారు వారే. అట్టి సరకుతో వేగముగా పోవలెను, కుదుపు లేక పోవలెను. రెండును ఒకేసారి సాధింపవలెను. ఏ నాసిక్ నుండి మనకు ఉల్లి వచ్చుచున్నదో ఆ నాసిక్‌నకు తెలుగుసీమ నుండి ఊపిరి పోయినది. రెండింటిని మోసినది లారీ చక్రమే.

మనము చేయవలసినది

పెద్ద సన్మానములు చేయుమని మేము కోరుట లేదు. దండ వేసి ఫోటో తీసి మఱునాడు మఱచుటకన్న చిన్న పనులు నిత్యము చేయుట మేలు. అంగడి గల తల్లిదండ్రులు మనలో ననేకులు కలరు. లారీ వచ్చినప్పుడు సరకును వేళకు దించుకొనుడు. కాచియుంచిన ప్రతి గంటయు ఆయన నిద్రలోనుండి తీసినదే. ఒక కుండ చల్లని నీరు, మరుగుదొడ్డి తాళపుచెవి, కాళ్లు చాచుకొనుటకు నీడపట్టున నొక బల్ల - వీనికి ఖర్చు స్వల్పము. సరకు చేరు వేళను ముందుగ నిర్ణయించునపుడు 8 గంటల లెక్కను జ్ఞాపకముంచుకొనుడు. రోడ్డుపై ద్విచక్రవాహనము నడుపువారు లారీ ప్రక్కనే అంటిపెట్టుకొని పోరాదు. ఎత్తైన పీటపై కూర్చున్నవానికి ఎడమ ప్రక్కను, బండి ముందు క్రిందిభాగమునను ఉన్నవారు కనబడరు. ఈ సంగతి పిల్లలకు తప్పక చెప్పుడు.

డ్రైవర్ల యింటి తల్లులకు ఒక మాట. తండ్రి లేని దినములలో ఇల్లు, చదువు, జ్వరము, బంధువుల పెండ్లి అన్నియు మీరే నడుపుచున్నారు. ఆ యింటి చక్రము మీ చేతిలోనే యున్నది. "మీ నాయన ఎక్కడ?" అని పిల్లవాడు అడిగించుకొనినప్పుడు, "పనిమీద" అని ముక్తసరిగా కాక, "ఈ దినము చిత్రదుర్గము దాటినాడు, ఉల్లి తెచ్చుచున్నాడు" అని చెప్పుట నేర్పుడు. ఊరి పేరు, సరకు పేరు తెలిసిన పిల్లవానికి తండ్రి దూరమున నున్నను కంటికి కనబడుచుండును.

పాఠశాల చేయవలసినది మేము మొదలు పెట్టినాము. ప్రయాణములో నుండు తండ్రులతో వారికి వీలైన వేళ ఫోనులో మాటలాడి పిల్లల చదువును గూర్చి చెప్పుచున్నాము. ఊరికి వచ్చిన దినమున, అది సమావేశ దినము కాకపోయినను, వచ్చి కలియవచ్చునని కబురు పంపినాము. హాజరు పుస్తకములో ఆ మూడు పేర్లకు ఎదురుగా మేము వ్రాసిన "శ్రద్ధ లేదు" అను మాటలను తుడువలేదు. తుడిచినచో మా తప్పు కనబడదు. వానిపై గీత గీసి, ప్రక్కన "ప్రయాణములో నున్నారు" అని వ్రాసినాము.

ఇంటివద్ద అభ్యాసము

తల్లిదండ్రులు పిల్లలతో కలిసి చేయదగిన పనులు కొన్ని:

1. ఈ దినము మీ వంటయింటిలోనున్న ఐదు వస్తువుల పేర్లు వ్రాయుడు. అవి ఎక్కడ పండినవో, ఏ యే ఊళ్ల మీదుగా వచ్చినవో విచారించి, భారతదేశ పటముపై గీతలు గీయుడు.

2. శ్రీనగరము నుండి కన్యాకుమారి వఱకు పోవు 44వ జాతీయ రహదారి మన హోసూరు మీదుగా పోవుచున్నది. దానిపై ఆదిలాబాదు మొదలు అనంతపురము దాక ఉన్న తెలుగు ఊళ్ల పేర్లను, పిదప హోసూరు మొదలు కన్యాకుమారి దాక ఉన్న ఊళ్ల పేర్లను తెలుగు లిపిలో వరుసగా వ్రాయుడు.

3. ఒక లారీ 900 కిలోమీటర్లు పోవలెను. గంటకు 40 కిలోమీటర్లు, రోజునకు 8 గంటలు నడిపినచో ఎన్ని దినములు పట్టును? అదే సరకు రెండు దినములలో కావలెనన్నచో డ్రైవరు రోజునకు ఎన్ని గంటలు నడుపవలసి వచ్చును? మిగిలిన గంటలలో ఆయన ఏయే పనులు చేసికొనవలెనో పట్టిక వ్రాయుడు.

4. మీ వీధిలో లారీ డ్రైవరుగా పనిచేసిన పెద్దలుండినచో వారిని కలిసి, వారు నడిపిన మొదటి బండిని గూర్చియు, మఱువలేని ప్రయాణమును గూర్చియు అడిగి తెలుగులో ఒక పుట వ్రాయుడు. మంచివానిని వచ్చే సంవత్సరము సంచికలో ప్రకటింతుము.

5. తండ్రి డ్రైవరైన పిల్లలు ప్రతి ఆదివారము తండ్రికి తెలుగులో ఒక ఉత్తరము వ్రాసి, ఫోనులో చదివి వినిపింపుడు. ఆ కాగితమును పడవేయక దాచియుంచుడు. నాయన ఇంటికి వచ్చిన తరువాత ఆయన వ్రేలు పట్టుకొని, ఆ యుత్తరముపై ఒక్కొక్క అక్షరమును చూపుడు.